ఈగల గది బాధ్యత

గొట్టం లోపలి గోడ మీద దుమ్ములాంటిది కనబడింది. దుమ్మైతే కదలదు. ఇది కదిలింది.

ఆమె ఆ గాజు గొట్టాన్ని కిటికీ వెలుగుకి పట్టుకుని మెల్లగా తిప్పింది. అడుగున మొక్కజొన్న పిండి, బెల్లం కాచి పోసిన మేత. మేతలో పొర్లుతున్న తెల్లటి పిల్లపురుగులు. పైన దూది బిరడా. మధ్యలో ఎర్రకళ్ల ఈగలు, మాగిన పండు మీద ముసిరే రకం. ఇవన్నీ ఉండాల్సినవే. మేత అంచున మాత్రం నూకలో నూకంత తెల్లటిదొకటి కాళ్లు ఆడిస్తూ గోడెక్కుతోంది. దాని వెనక ఇంకొకటి.

ఈగల గదిలో దాన్ని దుమ్ముపురుగు అంటారు. అది ఈగ గుడ్లు తింటుంది. ఈగ ఒంటినే పట్టుకుని వేలాడుతూ ప్రయాణం చేస్తుంది. దూది బిరడా సందుల్లోంచి నడిచిపోతుంది. ఒక గొట్టంలో కనబడిందంటే పక్క గొట్టంలో ఉన్నట్టే లెక్క వేసుకోవాలి.

సోమవారం పొద్దున్నే ఇదేం బోణీ అనుకుంది.

ఆ గదికి గోడలన్నీ అరలే. అరల నిండా ట్రేలు, ట్రేల నిండా గొట్టాలు. ఒక్కో గొట్టంలో ఒక్కో వంశం: రెక్కలు వంకర తిరిగినవి, కళ్లు తెల్లగా పుట్టేవి, నిద్రపట్టనివి, నేర్చుకున్నది మర్చిపోయేవి. ఈ పరిశోధన సంస్థలో ఇప్పుడున్నవాళ్లెవరూ చేరకముందు నుంచీ బతికొస్తున్న వంశాలవి. మేత ఎండేలోగా ప్రతి వంశాన్నీ కొత్త గొట్టంలోకి మార్చాలి. ఒక్కసారి ఏమరితే ఆ వంశం అక్కడితో సరి, ఎక్కడ వెతికినా మళ్లీ దొరకదు. మార్చే పని ఫలానా వాళ్లదని ఏ కాగితం మీదా లేదు. చేసేది మాత్రం ఆమె. తాళంచెవి ఆమె సంచిలో ఉంటుంది. అందరూ ఈగలమ్మ అని పిలుస్తారు, ఆమె పలుకుతుంది కూడా.

ఆమె కూడా శాస్త్రవేత్తేనన్న సంగతి చాలామందికి గుర్తుండదు. ఈ గురువారం గుర్తు చేస్తారు. ఆ రోజు కమిటీ కూర్చుని ఆమె ఉద్యోగం పొడిగించాలా, ఇంటికి పంపాలా తేలుస్తుంది. తేల్చడానికి వాళ్ల దగ్గరున్న తూకం ఒక్కటే: ఇన్నేళ్లలో అచ్చయిన పేపర్లెన్ని. పక్కగది తుపానువి మోపెడు. ఆమెవి గుప్పెడు.

తుపాను అన్నది కూడా పెట్టిన పేరే. అతను నడిచొస్తుంటే నడవాలో కాగితాలు ఎగురుతాయి. ఇద్దరూ ఒకే గురువు దగ్గర పని నేర్చారు, ఒకే రోజు ఇక్కడ చేరారు, ఒకే రకం ఈగలతో బేరం మొదలుపెట్టారు. చురుకులో ఆమె అతనికి ఏ మాత్రం తీసిపోదని ఆ గురువే అనేవాడు. మరి తేడా ఎక్కడొచ్చిందంటే, సరుకు ఒకటే అయినా కొట్టు తెరిచి ఉండే వేళల్లో వచ్చింది.

ఈగల పనిలో అసలు కిటుకు కన్నె ఈగలు. ఆడ ఈగ పురుగు దశ దాటి, గూడు పొర చీల్చుకుని రెక్కలతో బయటికొచ్చిన కొద్ది గంటల్లోనే దాన్ని మగవాటి నుంచి వేరు చెయ్యాలి. ఆలస్యమైతే అది జత కట్టేస్తుంది, ప్రయోగానికి పనికిరాదు. అందుకని పొద్దు పొడవకముందు ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి వచ్చి ఏరుకోవాలి. తుపాను ఇంట్లో పిల్లల్ని బడి నుంచి తెచ్చే భార్య ఉంది. ఈమె ఇంట్లో ఆ పని ఈమెదే; భర్తది ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగం. అందుకే ఒక సాయంత్రం తుపాను శిష్యుల్ని అడిగింది, నా కన్నె ఈగల్ని కూడా మీతో పాటు ఏరి పెట్టండర్రా, బదులుగా మీ వంశాలు నేను మారుస్తాను అని. మొదట్లో ఒక్క ట్రే. తర్వాత ఒక అర. తర్వాత గోడంతా. వాళ్లు ఆమెకి రోజుకి చిటికెడు ఈగలు ఏరిస్తే, ఆమె వాళ్లకి మధ్యాహ్నాలన్నీ ధారపోసింది. ఆ మధ్యాహ్నాల్లో వాళ్లు పేపర్లు రాసుకున్నారు. మోసం ఎవరూ చెయ్యలేదు. బేరం కుదుర్చుకున్నప్పటి ధర మీదే సరుకు పెరుగుతూ పోయింది, అంతే.

ఇప్పుడు ఆమె చేతిలోని గొట్టం ఎక్కడిదంటే, ఆమె సొంత అరలోది.

గది తలుపు మీద ఆమె చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంటుంది. బయటి నుంచి వచ్చిన ఏ ఈగలైనా ముందు నడవా చివరి విడి అల్మారాలో రెండు తరాలు గడపాలి, ఆ తర్వాతే లోపలికి. ఈ నియమం తప్పిన వాళ్లని ఆమె మొహమాటం లేకుండా వెనక్కి పంపేది. కానీ ఈమధ్య వేరే ఊరి ప్రయోగశాల నుంచి ఆమెకి ఒక వంశం పార్సిల్లో వచ్చింది. చాలాకాలంగా నలుగుతున్న పేపర్లో ఆఖరి ఫలితం చూపే బొమ్మకి కావలసింది అదే. రెండు తరాలంటే దాదాపు నెల. నెలాగితే కమిటీ దాటిపోతుంది. మైక్రోస్కోపు కింద చూసింది, శుభ్రంగానే కనబడింది. ఎవరూ లేనప్పుడు తెచ్చి తన అరలో పెట్టేసింది. నెల మిగిలిందనుకుంది.

తలుపు గడియ వేసి, ఒక్కొక్క గొట్టం తీసి చూడటం మొదలుపెట్టింది. పార్సిల్లో వచ్చిన గొట్టాల్లో మేత కనబడనంత పురుగు. తన మిగతా గొట్టాల్లో అక్కడక్కడా. కింద అర తుపానుది. అతని ట్రే లాగి, మెడ వంచి, ఒక గొట్టాన్ని వెలుగుకి పట్టుకుంది. అంచున తెల్లటి నలుసు నింపాదిగా నడుస్తోంది.

ఆ గొట్టాన్ని ఎక్కడిదక్కడ పెట్టేసింది. ఎందుకు పెట్టేసిందో ఆ సాయంత్రం బడి గేటు దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించింది.

మంగళవారం ఆమె కోటు తొడుక్కునే లోపే తుపాను వచ్చాడు. వచ్చి, తలుపు మెల్లగా వేశాడు. అతను ఏ తలుపూ మెల్లగా వెయ్యడం ఆమె చూడలేదు.

"అక్కా, కొంప మునిగింది. నా ట్రేలో పురుగు పడింది."

ఆమె కుంచె కడుగుతున్నట్టు కుళాయి వైపు తిరిగింది. అతను వెనక నుంచి చెప్పుకుపోయాడు. సదస్సుకి వెళ్లినప్పుడు అక్కడి మిత్రుడొకడు ఇచ్చిన గొట్టాలు సంచిలో వేసుకొచ్చాడట. విడి అల్మారాకి పంపితే ఆలస్యమవుతుందని తిన్నగా లోపల పెట్టేశాడట. ఇన్నాళ్లూ ఆమె మొత్తుకుంటున్నా తనకి బుద్ధి రాలేదట. పేపరు సరిదిద్ది పంపమని పత్రిక వాళ్లు గడువు పెట్టారు, ఒక్క ప్రయోగం మిగిలింది, దాని ఈగలు శుక్రవారానికి బయటికొస్తాయి. ఇప్పుడు గది మూసి, పురుగు పడ్డవన్నీ చచ్చేలా ఫ్రీజర్లో పడేస్తే ఆ పని నేలపాలు.

"ఏ గొట్టాలవి? చూపించు," అంది.

చూపించాడు. ఆమె వాటిని, ఈగల్ని కాసేపు కదలకుండా పడుకోబెట్టే మత్తుగాలి పలక మీద దులిపి, మైక్రోస్కోపు కింద కుంచెతో ఒక్కొక్క ఈగనీ పొర్లించి చూసింది. మేత అంచులు చూసింది. దూది విప్పి పోగులు చూసింది. అద్దంలా ఉన్నాయి. అతని సంచిలో వచ్చిన వాటిలో ఒక్క పురుగు లేదు. పురుగు ఉన్నదల్లా ఆమె అరకి సరిగ్గా కిందున్న వరసలో. పైనుంచి దిగింది.

తల ఎత్తకుండానే కళ్లద్దాలు తుడుచుకుంది.

"అవేనా?" అన్నాడు.

ఆమె అవుననలేదు, కాదనలేదు. అతను ఆ మౌనాన్ని కోపమనుకున్నాడు.

"చూడక్కా, శుక్రవారం దాకా చూడనట్టు ఉండు. నేనేం ఊరికే అడగట్లేదు. గురువారం కమిటీ నన్ను కూడా పిలిచింది, తోటివాడిగా నీ గురించి చెప్పమని. ఈ గది నువ్వు లేకపోతే లేదనీ, నా పేపర్లలో నీ చెయ్యి ఉందనీ చెప్తాను. గట్టిగా చెప్తాను. ఇన్నాళ్లూ చెప్పాల్సింది, చెప్పలేదు. నాదే తప్పు."

ఇన్నేళ్లలో ఆమె వినాలనుకున్న మాట అదొక్కటే. అది కూడా ఆమె తప్పుకి అతను చెల్లించే వెలగా వచ్చింది.

"చూద్దాం," అంది.

తుపాను తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయాడు. నడవాలో కాగితాలు ఎగిరిన చప్పుడైంది. ఆ రోజంతా ఆమె వంశాలు మార్చింది: పాత గొట్టం మేజా మీద రెండుసార్లు తట్టడం, బిరడా తీయడం, కొత్త గొట్టం మూతి దానికి ఆనించి తిరగేయడం, మళ్లీ తట్టడం, బిరడా పెట్టడం. కళ్లు మూసుకుని చెయ్యగల పని. ఆ రోజు ఈగలు చేతుల్లోంచి తప్పించుకుని మొహమ్మీద వాలాయి. ఒక్కొక్క అర దాటుతుంటే, ఇందులోకి చేరిందా, ఇంకా లేదా అని ఆగి గొట్టాల్ని వెలుగుకి పట్టి చూసింది. ఇంటికి బయల్దేరేముందు తన అర నుంచి మూడో అరలో ఒక తెల్లటి నలుసు చూసింది. అది మళ్లీ ఎక్కడా దొరకని పాత వంశాల గోడకి మొదటి అర.

ఇంట్లో మామగారు వంటింటి గడపలో పీట వేసుకుని బఠాణీలు వలుస్తున్నారు. ధాన్యం కొట్టు నడిపి నడిపి, కొడుక్కి ఆ వ్యాపారం వద్దని అమ్మేసి, ఇప్పుడు ఇంట్లో పప్పూ బియ్యం ఏరుతూ ఆ సరదా తీర్చుకునే మనిషి. మనవరాలు ఆయన పక్కన కూర్చుని వలిచినవాటిలో సగం నోట్లో వేసుకుంటోంది.

"ఏంటమ్మా, గల్లాపెట్టె పోయినదానిలా ఉన్నావు," అన్నారు.

ఆమె ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని తనూ ఒక గుప్పెడు తీసుకుంది. గదిలో పురుగు పడిందని చెప్పింది. ఎవరి వల్ల పడిందో చెప్పలేదు. కమిటీ అయ్యేదాకా కదపకుండా ఉంటే తన ప్రయోగం కూడా పూర్తవుతుందనీ, పక్కగది అతను తన తరఫున మాట్లాడతానన్నాడనీ చెప్పింది. కదిపితే ఆ రెండూ పోతాయంది. ఆయన ఒక కాయ విప్పి, లోపల చూసి, పక్కన పడేశారు.

"ఈ అబ్బాయేనా, సాయంత్రాలు నీ ఈగలు ఏరిపెట్టేది?"

"అతని శిష్యులు."

"నువ్వు వాళ్ల గోడంతా చూసేది."

"ఊఁ."

"ఆ బేరం కుదిరిన రోజు నన్నొకమాట అడగాల్సింది," అన్నారు. అంతకంటే దెప్పలేదు. ఆ తర్వాత కాసేపటికి, తన కొట్టులో కూడా ఒకసారి పుచ్చు పడిందని చెప్పుకొచ్చారు. గోదాములో నలుగురు వ్యాపారుల బస్తాలుండేవట. నాది కాదంటే నాది కాదని నలుగురూ వాదించుకున్నారట. వాదన తెమిలేసరికి గోదామంతా పిండైందట.

"ఎవరి బస్తా అన్నది తర్వాత తేల్చుకోవచ్చమ్మా. ఏ బస్తా అన్నది మాత్రం ముందు తెలియాలి. అది తెలిస్తే దాని చుట్టూ ఉన్నవి తీసి అవతల పెట్టొచ్చు. తెలియకపోతే ఎక్కడని వెతుకుతావు?"

ఆమె చేతిలో కాయ విప్పకుండా అలాగే ఉండిపోయింది. తుపాను సంచి గొట్టాల నుంచే వచ్చిందనుకుంటే, అందరూ వాటి చుట్టూనే వెతుకుతారు. అవి గదికి ఆ చివర. పురుగు ఈ చివర వంశాల గోడ ఎక్కుతుంటుంది. తను నోరు మూసుకున్నంతసేపూ వెతికేవాళ్లు తప్పు చోటే వెతుకుతారు.

"తాతా, అమ్మ వలవట్లేదు," అంది పాప.

"లెక్క కడుతోంది, కట్టనీ," అన్నారాయన.

బుధవారం ఆమె మామూలుకంటే ముందే వెళ్లింది. పార్సిల్ గొట్టాల్ని ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి ఫ్రీజర్లో పెట్టింది. తర్వాత తన అరలోవి. వాటిలో ఆఖరి బొమ్మకి కావలసిన ఈగలున్నాయి. రెక్కలు ఇంకా విప్పుకోని కొత్తవి మేత మీద తడబడుతూ నడుస్తున్నాయి. రేపో ఎల్లుండో ఏరుకోవలసినవి. ఆమె ఆ గొట్టాన్ని కాస్త ఎక్కువసేపు పట్టుకుంది. తర్వాత అది కూడా పెట్టి ఫ్రీజర్ తలుపు ఒత్తింది.

తుపాను వచ్చేసరికి అతని ట్రే మేజా మీద ఉంది.

"ఇదేంటక్కా? చూద్దామన్నావుగా."

"చూశాను. నీ సంచిలోవి శుభ్రంగా ఉన్నాయి. పురుగు నా పార్సిల్లోంచి వచ్చింది. విడి అల్మారాలో పెట్టకుండా నేనే లోపల పెట్టాను. నా అర నుంచి నీ అరలోకి దిగింది, గోడ కూడా ఎక్కింది. గది మూసెయ్యాలి."

అతను తలుపు మీది కాగితాన్ని చూశాడు, ఆమెని చూశాడు, మళ్లీ కాగితాన్ని చూశాడు.

"నీకు నిన్ననే తెలుసు."

"తెలుసు."

"మరి నిన్నెందుకు చెప్పలేదు?"

"నువ్విచ్చిన బేరం బాగుంది," అంది.

అతను నవ్వుతాడేమోననిపించింది, నవ్వలేదు. ట్రే ఎత్తి తనే ఫ్రీజర్లో పెట్టాడు. పెట్టిన తీరుకి గాజు గలగలమంది. రేపు కమిటీలో తనేం చెప్పాలో ఇప్పుడు తనకే తెలియడం లేదన్నాడు. ఏదీ చెప్పొద్దంది. తను చెప్పుకోవలసింది తనే చెప్పుకుంటానంది. అతను వెళ్లేటప్పుడు తలుపు ఎప్పటిలాగే వేశాడు. ఆ చప్పుడుకి ఆమెకి ఎందుకో కొంచెం ధైర్యం వచ్చింది.

గురువారం కమిటీ గదిలో కుర్చీలన్నీ మెత్తనివి, ఆమెకి వేసినది తప్ప. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షుడు, పెన్సిలు మొన చూసుకునే అలవాటున్న పెద్దమనిషి. గోడ మీద తెర, తెర మీద నిలువు పట్టీలు: సంస్థలో ఎవరెవరు ఎన్ని పేపర్లు రాశారో. ఒక పట్టీ తెర అంచు తాకుతోంది. పేరు చదవకపోయినా అది ఎవరిదో తెలుస్తోంది. పక్కనున్నది నేలకి ఆనుకున్న గడపలా ఉంది.

ఈ తేడాకి కారణమేమనుకుంటున్నారని ఆయన మర్యాదగా అడిగాడు. సాధన సామగ్రి ఒకటే, జీతం ఒకటే, శిక్షణ ఒకటే కదా అన్నాడు.

ఆమె రాత్రంతా కూడగట్టుకున్న జవాబు ఒకటుంది. బడి గేటు, సాయంత్రాలు, గోడంతా వంశాలు, చిటికెడు కన్నె ఈగలు. ఒక్కొక్కటీ నిజమే. కానీ ఫ్రీజర్లో ఉన్నదాని తర్వాత అవన్నీ చెబితే, తప్పుకి ముందుగానే మాఫీ అడిగినట్టుంటుంది. ముందు నిన్న మూతపడిన గది సంగతి చెప్పాలంది. పార్సిల్ సంగతి చెప్పింది, పురుగు ఎక్కడి నుంచి ఎక్కడికి పాకిందో చెప్పింది, ఏయే అరలు వేరు చెయ్యాలో చెప్పింది.

అధ్యక్షుడు పెన్సిలు కింద పెట్టాడు. "ఆ నియమం రాసింది మీరే కదా."

"నేనే."

"ఇన్నేళ్లలో ఎప్పుడైనా తప్పారా?"

"లేదండీ."

"మరి ఇప్పుడెందుకు?"

ఆమె తెర వైపు చూసింది. "ఆ పట్టీ ఒక్క గీత పెరుగుతుందని."

ముగ్గురిలో ఒకాయన దగ్గాడు. అధ్యక్షుడు ఏదో రాసుకున్నాడు. ఆయన చెయ్యి కదిలిన తీరును బట్టి ఏం రాస్తున్నాడో ఊహించాలని ఆమె ప్రయత్నించి విఫలమైంది. బయటికొస్తుంటే నడవాలో తుపాను నిలబడి ఉన్నాడు, పిలుపు కోసం. ఆమెని చూసి పక్కకి తప్పుకున్నాడు.

శుక్ర, శని, ఆదివారాలు ఆమె అన్నంలో కూడా తెల్లటి నలుసులు వెతికింది. ఉద్యోగం పోతే పాపని ఏ బడికి మార్చాలో, ఎవరికి ఫోను చేసి ఏ పని అడగాలో మనసులో వరసలు పేర్చుకుంది. తనలాంటి పనివాళ్లని ఎవరు తీసుకుంటారు, ఈగల్ని చచ్చిపోకుండా చూసుకోగలనని అర్జీలో రాస్తే ఎవరు చదువుతారు.

సోమవారం ఉత్తరువు వచ్చింది. ఒకటే కాగితం. ఉద్యోగం ఇంకో రెండేళ్లు పొడిగించారు, హెచ్చరికతో. ఆఖరి పంక్తిలో ఇంకొకటి ఉంది: తీవ్రమైన అజాగ్రత్త కారణంగా ఆమెని ఈగల గది బాధ్యత నుంచి తక్షణం తప్పించడమైనది, ఇకపై ఆ బాధ్యత పక్క ప్రయోగశాల అధిపతిది. అంటే తుపానుది.

తాళంచెవి ఇచ్చెయ్యమన్నారు. సంచిలోంచి తీస్తుంటే దానికున్న ఎర్రదారం పాప కట్టిందని గుర్తొచ్చింది. దారం విప్పి తన దగ్గరుంచుకుంది. గుమాస్తా చేతిలో తాళంచెవి పెడుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి. అంత పెద్ద గోడని ఇన్నేళ్లు బతికించి, ఒక్క పార్సిల్‌కి దొంగలా నిలబడటం కొరుకుడు పడలేదు.

ఇంటికి ఫోను చేసి మామగారికి చదివి వినిపించింది. అవతలివైపు చాలాసేపు చప్పుడు లేదు. బాధపడుతున్నారనుకుంది. తర్వాత తెలిసింది, ఆయన నవ్వాపుకుంటున్నారని.

"మళ్లీ చదువమ్మా, ఆ ఆఖరిది."

చదివింది.

"వాళ్లకి తెలీదు, నీ నెత్తి మీది బస్తా దించారని. శిక్షంటున్నారు కదా, శిక్షలాగే తీసుకో. మొహం కాస్త దిగాలుగా పెట్టు. తిరిగిస్తామంటే మాత్రం పుచ్చుకోకు."

ఆమెకి నవ్వు రాలేదు. ఫోను పెట్టేశాక చాలాసేపు తన బల్ల ముందు కూర్చుంది. మధ్యాహ్నం మొదలవుతోంది. ఆ వేళకి ఆమె ఎప్పుడూ ఆ గదిలో ఉంటుంది. తన గదిలోకి ఆ వేళ ఎండ ఇంత దూరం వస్తుందని ఇవాళే చూసింది. చేతులు ఊరికే ఉండలేక బల్ల మీది పెన్నులు సర్దాయి, మళ్లీ చెదరగొట్టాయి. నడవాలో ఏదో పగిలిన చప్పుడైంది. లేవబోయి కూర్చుంది. పాత వంశాల గోడకి ఆ మొదటి అర ఎవరైనా వేరు చేశారో లేదో. మేత ఎండిపోతోందేమో. ఈ రెండేళ్లలో ఆ పట్టీ పెంచలేకపోతే, అప్పుడు చెప్పుకోవడానికి ఈగల గది కూడా ఉండదు. ఈ చివరి లెక్క ఆమెని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

తలుపు తట్టిన చప్పుడు. తుపాను. చేతిలో ట్రే, జుట్టులో దూది పోగు, కనుబొమ మీద ఒక ఈగ.

పొద్దున్నుంచి ఒక్క అర కూడా పూర్తవలేదన్నాడు. శిష్యులు గొట్టాలు తిరగేస్తే సగం ఈగలు గదిలోకి పోతున్నాయట. పత్రిక వాళ్లకి ఇంకో నెల గడువు అడుగుతూ ఉత్తరం రాయాలట, రాయడానికి వేళ దొరకలేదట. ఇదంతా ఆమె రోజూ ఎలా నెట్టుకొచ్చిందని అడగబోయి, ఆపుకున్నాడు.

"గురువారం కమిటీ ముందు నేను చెప్పాల్సింది చెప్పానక్కా," అన్నాడు. "బేరమేం లేకుండానే. వాళ్లు విన్నట్టు లేరు."

ఆమె తల ఊపింది.

"రెండు ట్రేలు మార్చి పెట్టవూ? ఈ ఒక్కరోజూ."

ఆమె చెయ్యి అప్పటికే ముందుకు చాచి ఉంది. ఆ చేతిని తనే చూసుకుంది. తర్వాత అదే చేత్తో అతని ట్రేలోంచి ఒక గొట్టం తీసి, బల్ల మీద రెండుసార్లు తట్టింది. ఈగలన్నీ అడుక్కి జారాయి. బిరడా తీసి, కొత్త గొట్టం మూతి ఆనించి, తిరగేసి, మళ్లీ తట్టింది. ఒక్కటి కూడా తప్పించుకోలేదు.

"ముందు తట్టాలి. మీ వాళ్లు బిరడా ముందు తీస్తున్నారు," అంది. గొట్టాన్ని ట్రేలో పెట్టి, ట్రేని అతని వైపు జరిపింది.

అతను ఇంకాస్సేపు నిలబడ్డాడు. ఆమె మైక్రోస్కోపు మీది గుడ్డ తీసి మడత పెట్టింది, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"వెళ్లేటప్పుడు తలుపు వేసి వెళ్లు, తమ్ముడూ. మెల్లగా."